రాకాసి గుళ్ళలోని ఎముకలు

తాడ్వాయి, మంగపేట అడవులలో నిలువు రాతిపలకల మీద పెద్ద కప్పుబండను మోపి కట్టిన గదులు గుంపులు గుంపులుగా ఉన్నవి. 2016లో పాత వరంగల్లు జిల్లాను విభజించినపుడు ఈ చోట్లు భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు మారినవి. జనగామ, మహబూబాబాదు చెలకలలో ఆ కాలపు గుర్తులు రాళ్ళ వలయాలుగా కనిపిస్తవి. జనం ఈ గదులను రాకాసి గుళ్ళంటారు. అంతటి బండలను ఎత్తటం మనుష్యుల తరం కాదని ఆ పేరులోని తర్కము. నిజానికి ఇవి గుళ్ళు కావు. క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో ఇనుము వాడుక నేర్చిన ప్రజల సమాధులు. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఇటువంటి సమాధిని త్రవ్వినారు. జనగామ జిల్లాలోని నర్మెట్ట వేరు. అక్కడి కప్పుబండ బరువు 40 టన్నులకు పైమాటే అని అంచనా. దాని క్రింద దొరికినవి రాక్షసుల ఎముకలు కావు, మనుష్యులవే.

పామరుల పొరపాటును చూచి నవ్వటం తేలిక. పండితుల పొరపాటు అంతకంటె చిన్నదేమీ కాదు. పుర్రె వెడల్పును పొడవుతో భాగించి, నూటితో హెచ్చవేసి, ఆ అంకెను బట్టి జాతి పేరు పెట్టే పద్ధతి చాలాకాలం సాగినది. 1930లో ఆదిచ్చనల్లూరు పుర్రెలపై వెలువడిన నివేదిక ఇందుకు ఉదాహరణము. ఈ కొలతలోని బలహీనత అప్పటికే తెలియనిది కాదు. అమెరికాకు వలస వచ్చినవారి పిల్లల తలల ఆకారం తల్లిదండ్రుల తలలకు భిన్నంగా ఉన్నదని ఫ్రాంజ్ బోయస్ 1912 నాటికే చూపినాడు. ఆయన లెక్కలపై తరువాత వాదాలు నడిచినవి గాని, పుర్రె ఒక్కటే వంశవృక్షం కాదన్న మాట మాత్రం నిలిచినది.

కెన్నెత్ కెనడీ 2000లో ప్రకటించిన ‘గాడ్-ఏప్స్ అండ్ ఫాసిల్ మెన్’ గ్రంథానికి ఇక్కడనే విలువ. దక్షిణాపథపు రాతి సమాధులను కట్టినవారందరూ ఒకే జాతి వారన్న ఊహను ఆయన త్రోసిపుచ్చినాడు. ఎముక మీద పని వేసిన ముద్రను చదవటంలో ఆయన ఘనుడు. గంగా మైదానంలోని మహదహలో దొరికిన ముంజేతి ఎముకలపై మోచేతి దగ్గర బలిసిన గట్లను చూచి, అవి ఈటె వంటి ఆయుధాన్ని విసిరే వేటగాళ్ళవని సూచించినాడు. ఊహ ఇంపైనదే. కాని అదే కండరం వేరు పనులలోనూ బలుస్తుంది. ముద్ర కనబడగానే వృత్తిని తేల్చటం తొందరపాటే. పైగా ఈ గ్రంథం ప్రాచీన డి.ఎన్.ఎ. పరీక్షలు విస్తరించక మునుపటిది. మూలాల విషయంలో దానినే తుది మాటగా పాఠం చెప్పరాదు.

ఎముకలు నిస్సంశయంగా చెప్పేవి మరికొన్ని ఉన్నవి. కటి ఎముకలోని గంటు స్త్రీయో పురుషుడో తెలుపుతుంది. మెడపట్టె ఎముక లోపలి కొన ఇరవయ్యవ పడి దాటే వేళకు గాని పూర్తిగా అతకదు. బాల్యంలో ఆకలో జబ్బో వచ్చిన కాలం పంటి పింగాణీపై అడ్డగీతలుగా మిగులుతుంది. మనిషి పెద్దవాడైనా ఆ గీతలు పోవు. జొన్న, సజ్జ తిన్నవారి ఎముకలలోని కార్బను, వరి తిన్నవారి కార్బను ఒక తీరున ఉండవు. పింగాణీలోని స్ట్రాంషియం, ఆ మనిషి పసితనంలో ఏ రకపు నేలపై పెరిగినదీ సూచించగలదు. చనిపోయిన ఊరిలోనే పుట్టినాడా, పొరుగు సీమనుండి వచ్చినాడా అన్న ప్రశ్నకు పుర్రె కొలతకంటె ఇది నమ్మదగిన సాక్షి.

అసలు చిక్కు ఎముక మిగలటంలో ఉన్నది. ఆమ్లగుణం గల నేలలో ఎముక కరగిపోతుంది, ఉష్ణం డి.ఎన్.ఎ.ను తునకలు చేస్తుంది. హర్యానాలోని రాఖీగఢీ శ్మశానంలో 61 నమూనాలను పరీక్షించగా, 2019లో ప్రకటించిన ఫలితాలకు పనికివచ్చినది ఒక్క స్త్రీ అస్థిపంజరమే. మన ఎండలకు, మన వానలకు ఇంకెంత మిగులునో! అందులోనూ ఈ సమాధులలో అనేకం మృతదేహాన్ని వేరొకచోట ఉంచి, తరువాత ఏరితెచ్చిన కొన్ని ఎముకలను పెట్టినవి. ఒకే గదిలో పలువురి ఎముకలు కలసి ఉండటమూ కద్దు. ఒక్క పుర్రెను పట్టుకొని “ఇతడు” అనటానికి వీలులేదు.

ఈ కారణాన త్రవ్వకపు నివేదికలో ఏ పుర్రె దొరికినదన్నదానికంటె, ఏ ఎముక ఏ కుండ ప్రక్కన, ఎంత లోతున, ఎటు తిరిగి ఉన్నదన్నది ముఖ్యం. నిధికోసం పలక పగులగొట్టినవాడు, వింతగా ఉన్నదని పుర్రెను ఇంటికి తెచ్చినవాడు చెరిపివేసేది ఆ వివరాన్నే. పుర్రె బడి బీరువాలో భద్రంగా ఉండవచ్చును. దాని ప్రక్కన రాలిన పన్ను మట్టిలోనే పోతుంది, పసితనపు ఆకలి గీతలతో సహా.