మాహిష్మతి నేల

సినిమాలోని ఒక ఊరినో కోటనో జనం తిరిగి చూసేట్టుగా కడుతున్నారని కబురు రాగానే అభిమానులు ఎత్తు అడుగుతారు. కోట ఎన్ని అడుగులు, విగ్రహం ఎంత, ద్వారం ఎంత వెడల్పు అని. నేను నేల ఏం వేస్తున్నారని అడుగుతాను. తాండూరువాళ్లకు ఇది పుట్టుకతో వచ్చే చూపు. ఊరు దాటితే నాపరాయి గనులు, ఇటు వస్తే బండలు కోసే మిషన్ల రొద, పాలిష్ యూనిట్ల ముందు తెల్లటి బురద, లారీల్లో నిలువుగా పేర్చిన నీలం బండలూ పసుపు బండలూ. ఎవరింటికి వెళ్లినా గడప దాటీ దాటకముందే కింద పరిచింది ఎటువైపు గని రాయో, చేత్తో కొట్టిందో మిషన్ మీద కోసిందో చూసుకుంటాం.

ఆ చూపుతోనే ఈ వారం ఒక మాట చెప్పాలని ఉంది. కథాలోకాన్ని కట్టేవాళ్లు అభిమాని కంటి కోసం కోట్లు ఖర్చు పెడతారు, అతని కాలిని మరిచిపోతారు. కన్ను మోసపోవడానికి సిద్ధపడే వస్తుంది. కాలు అట్లా రాదు.

మన దగ్గర ఈ ముచ్చట 'బాహుబలి' కథలోని రాజ్యం మాహిష్మతితోనే మొదలుపెట్టాలి. 'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. సాబు సిరిల్ కళా నైపుణ్యంతో రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టును షూటింగు అయ్యాక సందర్శకుల కోసం ఉంచారు. 1996లో మొదలై, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ ఫిల్మ్ సిటీకి అంతకుముందూ జనం బస్సుల కొద్దీ వెళ్లేవారు. అప్పటి ఆసక్తి వేరు. సినిమా ఎట్లా తీస్తారో చూసి రావడానికి వెళ్లేవారు. మాహిష్మతికి వెళ్లేవాళ్లు సినిమా లోపలికి పోవాలని వెళ్తారు. తాండూరులో తెల్లవారకముందే బయలుదేరి, హైదరాబాద్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు దాటి వెళ్లే ఒక కుటుంబాన్ని తలుచుకోండి. పిల్లలకు డైలాగులన్నీ కంఠతా వచ్చు. సింహాసనం కనబడితే చాలు, శివగామిలా వీపు నిటారు చేసి నిలబడతారు. తండ్రి సెల్‌ఫోన్ తీస్తాడు. నాయనమ్మ మాత్రం దేవసేనను కట్టేసింది ఎక్కడో చూపించమంటుంది.

అభిమాని ఆశ మొత్తం ఆ నాయనమ్మ అడిగినదాంట్లోనే ఉందని నా నమ్మకం. కోట ఎత్తుతో ఆమెకు పని లేదు. సంకెళ్లు ఒరుసుకున్న చోటు కావాలి, దేవసేన పుల్లలు ఏరిన వాకిలి కావాలి. ఇక్కడ కథ జరిగిందనడానికి నేల మీద ఒక గుర్తు కావాలి.

సెట్టు వేసేవాళ్ల పనిని తక్కువ చేసి మాట్లాడను. ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబర్ మీద రంగులద్ది రాయిని పుట్టించడం మహా విద్య. కెమెరా ఎక్కడ నిలబడుతుందో తెలుసు కనక కనబడే మేరకే కడతారు. పై అంతస్తులూ దూరపు గోపురాలూ కంప్యూటర్‌లో కలుస్తాయి. సినిమాకు అదే న్యాయం. చూడవచ్చినవాడు అట్లా ఒకచోట నిలబడడు. వెనక్కి వెళ్తాడు, స్తంభాన్ని వేలితో కొట్టి చూస్తాడు, తలెత్తితే తెర మీద శిఖరాలున్న చోట మబ్బులు కనిపిస్తాయి. దాన్ని అభిమానులు తప్పు పట్టరు. పైన లేనిదాన్ని మనసు నింపుకుంటుంది, సినిమా వంద సార్లు చూసిన మనసు మరీ తొందరగా నింపుకుంటుంది. కాలి కింద ఉన్నది ఆ వీలు ఇవ్వదు.

నగరం శివార్లలో పురాణకాలపు ద్వారంతో కట్టిన ఒక వినోద స్థలానికి మా వీధి మేస్త్రీ ఒకాయన నాతో వచ్చాడు. బండలు పరిచి పరిచి వేళ్లు మొద్దుబారిన మనిషి. ద్వారం చూసి ముచ్చటపడ్డాడు, ఏనుగు తొండం నిమిరాడు. లోపలికి నాలుగడుగులు వేసి ఆగి, చెప్పు విడిచి అరికాలు నేల మీద రాశాడు. "సారూ, రాజుల కోట అంటున్నరు గదా. గీ పార్కింగ్ టైల్స్ ఎందుకేసిన్రు?" అన్నాడు. ఆ తరవాత చూసినదేదీ ఆయనకు రుచించలేదు. టికెట్టు డబ్బులు పోయాయని ఆయన బాధపడలేదు. అంత మంచి ఏనుగును చెక్కినవాడి కష్టం వృథా అయిందని దారి పొడుగునా బాధపడ్డాడు.

ఈ సంగతి అమెరికాలో చాలా ముందే పట్టుకున్నవాడు వాల్ట్ డిస్నీ. 1955 జులై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచాడు. ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతంలోకి అడుగుపెట్టగానే కాలి కింద స్పర్శ మారాలని, లోకం మారిన సంగతి అరికాలికీ తెలియాలని ఆయన కోరేవాడని, దగ్గర పనిచేసిన జాన్ హెంచ్ చెప్పాడు. 2019 మే 31న అదే డిస్నీలాండ్‌లో 'స్టార్ వార్స్' లోకాన్ని తెరిచినప్పుడు నేల మీద రోబోలు దొర్లిపోయిన చక్రాల జాడలు అచ్చుపోశారు. ఆ జాడల కోసం ఎవరూ టికెట్ కొనరు. కానీ వాటిని చూసిన పిల్లకు, తను రాకముందు కూడా ఈ ఊళ్లో ఎవరో తిరిగారని తెలిసిపోతుంది. అక్కడే అభిమానులు ఇంకో విషయంలో నొచ్చుకున్నారు. ఆ ఊరిని కథలోని ఒకానొక కాలానికి కట్టేయడంతో, చిన్నప్పటి నుంచి ప్రేమించిన పాత పాత్రలు మొదట్లో అక్కడ ఎదురుపడలేదు. నేల ఎంత నిజమైనా, చూడాలనుకున్న మనిషి లేకపోతే వెలితే కదా. ఫ్లోరిడాలో 2010 జూన్ 18న మొదలైన హ్యారీ పాటర్ గ్రామంలో నడివేసవిలోనూ ఇళ్ల కప్పుల మీద మంచు ఉంటుంది. దుకాణాల్లో కథలో పిల్లలు తాగే బటర్‌బీర్ దొరుకుతుంది, మనకు తెలిసిన కోలా దొరకదు. ఎండలో దాహంతో వచ్చిన వేలమందికి కోలా అమ్మకుండా నిలబడటం మామూలు తెగువ కాదు.

కథలోకి మనిషిని లాక్కుపోవడం మనకు కొత్త విద్యేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి కుటుంబాలు తెరల మీద అరణ్యాలూ అంతఃపురాలూ గీసి, తీగల మీద మనుషుల్ని గాల్లో తేల్చి తరతరాల ప్రేక్షకుల నోరు తెరిపించాయి. 1957 నాటి 'మాయాబజార్'లో ద్వారక చిన్న చిన్న ఇళ్ల నమూనాలతో కూర్చిన నగరం. గోఖలే, కళాధర్‌ల పనితనానికి మార్కస్ బార్ట్‌లీ కెమెరా తోడై దాన్ని మహానగరం చేసింది. ఇవి నాకు ప్రాణం. అయితే నాటకంలోనూ సినిమాలోనూ ప్రేక్షకుడు కుర్చీలో కూర్చుని ఎదుటి నుంచే చూస్తాడు. మన కళాకారుల చెయ్యి ఆ ఒక్క వైపు చూపుకు పదునెక్కింది. ఇప్పుడు జనం లేచి తెర దాటి లోపలికొస్తున్నారు. వాళ్ల కోసం కట్టడానికి వేరే చదువు కావాలి.

ఆ చదువుకు తగిన చేతులు మన దగ్గర ఉన్నాయి. 2022 మార్చిలో పునఃప్రారంభమైన యాదాద్రి ఆలయానికి రూపకల్పన చేసింది సినిమా కళా దర్శకుడు ఆనంద్ సాయి. సెట్లు వేసిన మనిషి, స్థపతులతో శిల్పులతో కూర్చుని, ముందూ వెనకా అంతా కృష్ణశిలే అయిన కట్టడానికి గీతలు గీశాడు. అదే ఏడాది మే 14న నాగార్జునసాగర్‌లో 274 ఎకరాల బుద్ధవనం తెరుచుకుంది. బుద్ధుడి జీవితాన్నీ జాతక కథల్నీ నడుస్తూ చూసేట్టు అమర్చి, అమరావతి మహాస్తూపాన్ని తలపించే స్తూపం నిలబెట్టారు. గుడినీ బౌద్ధ క్షేత్రాన్నీ వినోదంతో కలపబోవడం లేదు. ఆ పని చేసిన చేతుల గురించే నా మాట.

ఇక మా రాయి. నాపరాయి నేలలో పొరలు పొరలుగా ఉంటుంది. సమ్మెట, ఉలి పెట్టి చేత్తో విడదీసిన బండకు అంచు గీత గీసినట్టు రాదు, పైభాగం పొర విడిన తీరులోనే చిన్న చిన్న మిట్టపల్లాలతో ఉంటుంది. మిషన్ కోత బండకు అంచు కత్తిలా వస్తుంది, సందులు సన్నగా కుదురుతాయి. ఆసుపత్రికీ ఆఫీసుకీ అదే మేలు. వెయ్యేళ్ల నాటి కోట అని చెప్పే చోట మాత్రం ఆ తిన్నని సందు ఒక్కటి కనబడితే చాలు, రంపం గుర్తొచ్చేస్తుంది. ఇంకో సంగతి ఉంది. మా పాత ఇళ్లలో నాపరాయి నడిచిన మేర నునుపెక్కి మెరుస్తుంది, గోడ వార గరుకుగానే మిగులుతుంది. గుమ్మం ముందు కొంచెం పల్లం పడుతుంది. దేవుడి గది ముందు ఒక నునుపు, వంటింటి దారిలో ఒక నునుపు. ఆ ఇంట్లో ఎవరు ఎటు తిరిగేవారో బండలే చెబుతాయి. మాహిష్మతి లాంటి చోటికి నేల వేసే మేస్త్రీకి ముందు ఈ ఇళ్లు చూపించాలి. ద్వారం మధ్యలో నునుపు, అంచుల్లో గరుకు, రథాలు తిరిగిన దారిలో రెండు గాళ్లు, ఏనుగులు నిలబడే చోట మందం రాయి. వాన నీళ్లు పోవడానికి ఇనుప జాలీ పెడితే అంతా పోయినట్టే. బండకే బెజ్జాలు కొట్టి కింద తూము పెడితే పని జరుగుతుంది, కథా నిలుస్తుంది.

అందం కోసం జనాన్ని పడేయమనడం లేదు. పాలిష్ చేసిన నాపరాయి తడిస్తే జారుతుంది. ఫొటోల్లో మెరుస్తుందని అదే పరిస్తే మొదటి వానకే పెద్దవాళ్లు తుంటి విరగ్గొట్టుకుంటారు. మరీ గరుకైతే చక్రాల కుర్చీ నడవదు. కాబట్టి ఒక పక్కన సమంగా చెక్కిన వరుసను రాజమార్గంలా ముందే కలుపుకుని గీయాలి, తరవాత సిమెంటుతో అతికించకూడదు. మే నెల ఎండలో మా వైపు బండ మీద ఒట్టి కాలు పెట్టలేం, నల్లరాయైతే మరీ కాలుతుంది. అందుకే పూర్వులు రాయి పరిచిన చోటల్లా మండపమో చెట్టో పెట్టారు. నీడను కూడా కథలో భాగంగా కట్టినవాడికి జనం దండం పెడతారు.

మిగతావి వేగంగా చెప్పేస్తాను. స్పీకర్లలో సినిమా పాటలు ఒకటే తిప్పడం కంటే, కమ్మరి కొలిమి చప్పుడో గుర్రపుశాల అలికిడో మంచిది. పాప్‌కార్న్ ఇంటి పక్క థియేటర్లోనూ దొరుకుతుంది. మోదుగాకు విస్తరిలో జొన్నరొట్టె, పప్పు పెడితే అభిమానులు వరుస కడతారు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మా తాండూరు కందిపప్పు మాహిష్మతి వంటశాలలో ఉడకాలని నాకు గట్టి కోరిక. 'బాహుబలి'లో కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి అనే భాషనే తయారుచేశాడు. అంత శ్రద్ధ తీసుకున్న సినిమా పేరు పెట్టుకున్న చోట 'దారి ఇటు' అని ప్లాస్టిక్ బోర్డు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అన్నిటికంటే పెద్ద ఆశ ఒకటుంది, దాన్ని బయటికి అనేవాళ్లు తక్కువ. అభిమానికి అక్కడ చేయడానికి ఒక పని కావాలి. మా ఊరి భద్రేశ్వర స్వామి రథోత్సవంలో చూసి పోయేవాళ్లంటూ ఉండరు. తాడు పట్టేవాడు, పట్టినవాడికి నీళ్లిచ్చేవాడు, బిడ్డను భుజానెత్తుకుని రథం చూపించేవాడు, అందరికీ ఒక పాత్ర ఉంటుంది. 'బాహుబలి'లో భల్లాలదేవుడి విగ్రహాన్ని వందలమంది తాళ్లతో లేపే ఘట్టం గుర్తుందా? తాడు జారబోతే కథానాయకుడు శివుడు వచ్చి పట్టుకుంటాడు, ఆ ముఖం చూసిన జనం బాహుబలి పేరెత్తుకుంటారు. ఆ తాడును అభిమాని చేతికి ఇవ్వండి. బరువుగా ఉండనివ్వండి, అరచేతికి తగలనివ్వండి. యాభైమంది కలిసి లాగితేనే కదిలేట్టు అమర్చండి. పక్కన పట్టినవాడి పేరు తెలియకపోయినా వాడితో కలిసి అరుస్తాడు. ఏ సవారీ ఇవ్వలేని ఆనందం అది, మన జాతర్లకు ఎప్పటి నుంచో తెలిసినది.

చివరగా, కొత్త ప్రాంతం గీస్తున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మా మేస్త్రీ తరఫున ఒక సూచన. ప్రారంభం రోజు నేల ఎక్కడైనా బాగానే ఉంటుంది. అయిదేళ్లకు లక్షల కాళ్లు తిరిగాక బండలు పగులుతాయి, పగిలినచోట దొరికిందేదో పెట్టేస్తారు. నాపరాయి రంగు గనికీ గనికీ మారుతుంది, ఒకే గనిలో పొరకూ పొరకూ మారుతుంది. తరవాత తెచ్చిన బండ ఎంత మంచిదైనా అతుకు కనబడుతుంది. అందుకని గని పేరు, పొర, మందం రిజిస్టరులో రాసిపెట్టుకోవాలి. అదే పొర నుంచి బండలు కొన్ని ఎక్కువే దింపుకుని, పడుకోబెడితే విరుగుతాయి కనక వెనక షెడ్డులో నిలువుగా పేర్చుకోవాలి. లోడు ఎక్కించే రోజే అడిగితే మా వాళ్లు ఎంచి, విడిగా కట్టి ఇస్తారు.