త్యాగం ఎవరి ఖాతాలో?

సాకేత్ చౌదరి తీసిన 'హిందీ మీడియం' 2017లో వచ్చినప్పుడు, చదువు వ్యాపారమైపోయిందని నవ్విస్తూ చెప్పిన సినిమాగా చాలామంది మెచ్చుకున్నారు. కాదనను. ఫీజు కోసం ఆరాటపడేది ఎవరు, దెబ్బలు తినేది ఎవరు అన్న దగ్గరే నా పేచీ.

ఢిల్లీలో బట్టల వ్యాపారం చేసే రాజ్, అతని భార్య మీతా తమ కూతురు పియాని పేరున్న స్కూల్లో వేయాలనుకుంటారు. విద్యాహక్కు చట్టం (2009) పేదపిల్లలకి కేటాయించిన 25 శాతం సీట్లలో ఒకటి కొట్టేయడానికి బస్తీలో కాపురం పెట్టి పేదల్లా నటిస్తారు. స్కూలు అదనపు ఖర్చులకని డబ్బడిగితే, ఈ నటన నమ్మిన పక్కింటి శ్యాంప్రకాష్ కారుకి అడ్డంపడి ఆ పరిహారం తెచ్చి రాజ్ చేతిలో పెడతాడు. కళ్లు చెమర్చే సన్నివేశమే. కానీ అతను దెబ్బలు తిన్నాక భార్య తులసి ఇల్లెలా నెట్టుకొచ్చిందో సినిమాకి పట్టదు. ఇక ఇంగ్లీషు చదువు లేకపోతే కూతురు ఏమైపోతుందోనన్న మీతా బెంగ మనకి నవ్వులాట. ఇంగ్లీషు రానివాళ్లకి నలుగురిలో జరిగే అవమానం ఆ బెంగ వెనక ఉందని మనం గుర్తించేలోపే నవ్వేస్తాం.

మన ఇళ్లలో త్యాగం అలా ఒక్క దెబ్బతో అయిపోదు. జూన్ వస్తే గాజులు బ్యాంకుకి పోతాయి. ఏడాది తిరిగేసరికి వడ్డీ మాత్రం కట్టి రెన్యువల్ చేయించుకుంటారు. గాజులు ఇంటికి రావు. డ్వాక్రా అప్పు, చీటీ పాట, రాత్రిపూట కుట్టుమిషను కూడా ఈ లెక్కలోవే. వీటిని ఇంట్లో ఎవరూ త్యాగం అనరు, "సర్దుబాటు" అంటారు. (నాన్న స్కూటరు అమ్మితే మాత్రం పదేళ్లు చెప్పుకుంటారు.)

ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకం తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలన్నది. ప్రైవేటు బడి పిల్లలకి కూడా వర్తించింది. ఆ డబ్బు తల్లి ఖాతాలోంచి నేరుగా స్కూలు కౌంటరుకి నడిచిన ఇళ్లు నాకు తెలుసు. అయినా ఆమె పేరు కాగితం మీదికెక్కింది, అది చిన్న విషయం కాదు. కాకపోతే ఇద్దరు పిల్లలున్నా ఒక్కరికే ఇచ్చారు. 2025లో వచ్చిన తల్లికి వందనం ఆ పరిమితి తీసేసింది.

పియా ఒక్కతే కూతురు కావడం ఈ కథకి ఎంత సౌకర్యమో! ఆమెకో తమ్ముడుంటే? ఉన్న డబ్బు ఒక్కరి ఫీజుకే సరిపోతే? అప్పుడు మీతా ఏమనేదో వినాలని నాకుంది. చివర్లో రాజ్ పియాని ఖరీదైన బడి మాన్పించి ప్రభుత్వ బడిలో చేరుస్తాడు. తమ్ముడు ప్రైవేటు బడి బస్సెక్కుతుంటే నడుచుకుంటూ అదే ప్రభుత్వ బడికి వెళ్లే అక్కలు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ల పెళ్లికని దాచిన గొలుసు కూడా ఆ బస్సు ఫీజు కిందే బ్యాంకులో ఉంది.