కంది చుట్టాలు

స్కందగిరి గుడికి వెళ్లే దారిలో ఈ వారం తోపుడు బండి మీద పచ్చి కందికాయలు కనబడ్డాయి. కొన్ని నిండు పచ్చ, కొన్నిటి మీద ఊదా చారలు. ఒలుస్తుంటే వేళ్లకు సన్నటి జిగురు. ఎన్ని రకాలో అని ప్రాణం లేచొచ్చింది.

విత్తనం సంగతి రైతు కంటికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్నది నా పాత పట్టు. కందిలో మాత్రం కన్ను చాలదు. పొలంలో రంగులెన్ని ఉన్నా, డీఎన్‌ఏ దగ్గరికొచ్చేసరికి సాగు కందులన్నీ దాదాపు ఒకే ఇంటివాళ్లు. వైవిధ్యం చాలావరకు అడవి చుట్టాల దగ్గరుంది. నేల మీద పాకే కజానస్ స్కారబియాయిడిస్‌నే చూడండి. కాయంతా దట్టమైన నూగు, కాయతొలుచు పురుగు పిల్ల దాన్ని దాటలేక అల్లాడుతుంది. సాగు కందికి మూలంగా చెప్పే కజానస్ కజానిఫోలియస్ మరొకటి. పటాన్‌చెరులోని పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన హైబ్రిడ్ ఐసీపీహెచ్ 2671కు పుప్పొడి కట్టని ఆడ వరుస దొరికింది దానివల్లే.

ఈ చుట్టాలను లెక్కగట్టడానికే మార్కర్లు. డీఎన్‌ఏలో రెండు మూడు అక్షరాలే పదేపదే వచ్చే చోట్లుంటాయి. ఒక మొక్కలో పదిసార్లు వస్తే పక్కదాంట్లో పద్నాలుగు. ఆ చోటుకు అటూ ఇటూ అతుక్కునే ప్రైమర్లు చేసి, పీసీఆర్‌లో ఆ ముక్క ప్రతులు పెంచి జెల్‌లో నడిపిస్తే, పొడవును బట్టి గీతలు విడిపోతాయి. చాలా ప్రైమర్లకు గీతే రాదు. వచ్చినా అన్ని మొక్కలకూ ఒకేచోట వస్తుంది. వాటిని పక్కన పడేయాల్సిందే. ఈ ఏరివేత ఓపికంటే నాకు గౌరవం.

ఇక్రిశాట్ ఆధ్వర్యంలో కంది జన్యుక్రమం 2011లో వెలువడింది. అలాంటి చోట్లు అందులో కుప్పలుగా ఉన్నాయి. వాటితో చేసిన మార్కర్లనే అడవి మొక్కలకూ వాడితే ఖర్చు కలిసొస్తుంది కదా! కలిసిరాదు. సాగు పంటలో తేడా చూసి ఏరిన మార్కర్లకు అడవిలోని తేడాలు కొన్ని ఆనకపోవచ్చు. ప్రైమర్ అతుక్కునే చోట అక్షరం మారితే గీతే పడకపోవచ్చు. మొక్కలో ఆ చోటుకుండే రెండు ప్రతుల్లో ఒకటి అలా తప్పిపోతే, రెండూ ఒకటేనని రాసేస్తాం. ఒక కొండ మీది మొక్కలన్నీ దగ్గరి బంధువులేనన్న తప్పుడు తీర్పు అక్కడే పుడుతుంది.

అందుకే మార్కర్లు అడవి ఆకు నుంచే పుట్టాలి. ఎడమెడంగా ఉన్న మొక్కల లేతాకులు కోసి, సిలికా జెల్ సంచుల్లో ఎండబెట్టి తెచ్చుకోవాలి. ఏరివేతకే నెలలు పడతాయి. నిధులిచ్చేవాళ్లు ఆ నెలలకూ డబ్బు కేటాయించాలి, ఫలితాలేవని మధ్యలో ఆపకూడదు.