కొలత రాసినచోట పేరు

వంటపుస్తకాలు కొనడం నాకు ఇష్టం. వాటిని పొయ్యి దగ్గరకంటే మంచం మీద చదివిందే ఎక్కువ. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ పొందిన ముద్రణలు చూస్తే ఈ ఇష్టం చాలామందిదని తెలుస్తుంది. అమ్మకీ అత్తకీ దూరంగా కాపురం పెట్టిన ఆడవాళ్లకు అలాంటి పుస్తకాలు ఎవరి సాధింపూ లేకుండా వంట నేర్పాయి. ఆ మేలు చిన్నది కాదు.

అయితే నల్లగొండ, పాలమూరు మెట్టనేలల నుంచి చదివితే ఒక పేచీ ఉంది. ‘తెలుగువంట’ అన్న మాటలో జొన్నగటక, అంబలి చాలాకాలం ఇమడలేదు. తెలంగాణ వంటలకు విడిగా పుస్తకాలొచ్చాక సకినాలు, సర్వపిండి అచ్చులోకెక్కాయి. పండగవంట ఎక్కినంత తేలిగ్గా కూలి ఇంటి కూడు ఎక్కదు. మరాఠీలో షాహూ పటోలే 2015లో ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’తో మరాఠ్వాడా దళితుల తిండిని పుస్తకం చేశారు. మనకూ అలాంటివి కావాలి.

జొన్నరొట్టెనే తీసుకోండి. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు. అందుకే మరిగిన నీళ్లతో కలపాలి, అరచేత్తో తట్టాలి, పెంక మీద వేశాక పైన తడి అద్దాలి. ఇదంతా రాయొచ్చు. “అది చేతికి తెలియాలి గానీ రాస్తే వచ్చేది కాదు” అనడం మెచ్చుకోలులాగే వినిపిస్తుంది. ఆ మెచ్చుకోలుతోనే ఆడవాళ్ల విద్య లెక్కలోకి రాకుండా పోతుంది. కొలత రాస్తే ఆ కొలత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. బతుకుదెరువుకు వలసపోయినచోట కూడా మూడు రాళ్ల మీద పెంక పెట్టి రొట్టె చేసిన పాలమూరు ఆడవాళ్లకు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

నేనిప్పుడు రాసుకుంటున్న వంటల పుస్తకంలో ప్రతి వంట కిందా, ఒప్పుకుంటే, చెప్పినామె పేరు రాస్తున్నాను.