భయము తీర్చు బడి

తపతీనదికి ఉత్తరపు గట్టున, సూరతునుండి వడోదర వైపు పోవు రైలుమార్గమునకు చేరువగా విస్తరించిన కోసాడ్ నందు, నదీతీరపు గుడిసెలనుండి తరలింపబడిన వేలాది పేద కుటుంబములు నేడు నగరపాలక సంస్థ కట్టించిన అంతస్తుల గృహములలో కాపురముండుచున్నవి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీరు నగరమున అధికభాగమును ముంచివేసిననాటి భీతిని పెద్దలు ఒకరికొకరు చెప్పుకొని భారము దించుకొనగలరు. కాని ఇల్లును, బడిని, ఆటతోడి నేస్తములను ఒక్కమాఱుగా కోల్పోయిన శిశువు నోట ఆ దుఃఖము మాటగా వెలువడదు. అది మౌనముగానో, ఉలికిపాటుగానో, కారణము తోపని కోపముగానో తరగతిగదిలో ప్రత్యక్షమగును. తెలంగాణమునుండి సాంచెల పనికై వలసపోయిన పద్మశాలి కుటుంబములు దశాబ్దములుగా నివసించు నగరమిది. గుజరాతీ, మరాఠీ, ఒడియా బడులతోబాటు తెలుగు బడులును అచట పురపాలకముచే నడుపబడుచున్నవి గనుక, ఆ బిడ్డల బాధ మనకు పరాయిది కాదు.

ఇట్టి బిడ్డల యెడ ఉపాధ్యాయుడు చేయదగినదేమి? ఖంభాత్ సింధుశాఖకు ఆవలి యొడ్డున, భావనగరమున, దీనికి సమాధానము పూర్వమే వెలసినది. 1885లో జన్మించి, యౌవనమున తూర్పు ఆఫ్రికాకు పోయి, తిరిగివచ్చి న్యాయవాదియై, తన కుమారుని పెంపకమును గూర్చి చింతించుచు మాంటిస్సోరి రచనలు చదివి, తుదకు వకీలు వృత్తినే వీడి 1916లో దక్షిణామూర్తి సంస్థను చేరిన గిజుభాయి బధేకా, 1920లో అచట బాలమందిరమును స్థాపించి, 1939లో మరణించువఱకు పిల్లల సేవయే వ్రతముగా జీవించెను. మీసముల తల్లి యని గుజరాతీలు ఆయనను ప్రేమతో పిలిచిరి. ఆయన యెదుర్కొన్నది వరదను కాదు, బెత్తమును. దెబ్బకు, తిట్టునకు, పరీక్షకు బెదరి ముడుచుకొనిపోయిన బాల్యమును మరల విప్పుటకే ఆయన పాటుపడెను.

మన పాఠకులు ‘పగటికల’ యను పేర నెఱిగిన ఆయన గ్రంథమున, లక్ష్మీరాము అను ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిని చేపట్టి, మొదటినాడు నిశ్శబ్దపు ఆటతో పిల్లలను లోగొనజూచి విఫలుడై, మఱునాడు కథతో వారిని కట్టివేయును. ఇందలి మర్మము నాకు తోచినంతవఱకు ఇది: బెదరిన బాలుని నీకేమైనదని గ్రుచ్చి గ్రుచ్చి అడుగుట వానిని మరల ఆ గాయమునొద్దనే నిలుపుట; కథ చెప్పుటయో, వానిని క్షేమమైన దూరమున కూర్చుండబెట్టి, కథలోని రాజునకు కలిగిన కష్టమును చూడనిచ్చుట. తొందరపెట్టని గురువు నెదుట శిశువు తనంతట తానే ఏదో ఒకనాడు నోరు విప్పును.

విజ్ఞానశాస్త్రమునకు ఇందు పనియేమని కొందఱు సందేహింపవచ్చును. నిన్నటి గోడ నేడు లేకపోవుటను చూచిన బాలునకు లోకము మాట తప్పినదిగా తోచును. వానిచేతికి కొంత దారమును, ఒక చిన్న రాతిని ఇండు. మీటరు పొడవు దారమునకు రాయి గట్టి మెల్లగా ఊపినచో, అది పోయి వచ్చుటకు సుమారు 2 సెకండ్లు పట్టును. దారమును పావు మీటరునకు కుదించినచో సుమారు 1 సెకండు. ఊపు కొంచెము హెచ్చినను తగ్గినను, ఊపినవాడు బలవంతుడైనను బక్కవాడైనను, నేడైనను రేపైనను ఆ లెక్క మారదు. ఏది యెప్పుడు కూలునో తెలియని బిడ్డకు, తాను ముందుగా ఊహించి చెప్పినది కన్నులయెదుట నిజమగుట సామాన్యమైన యూరట కాదు. ఇందుకు అద్దాల బీరువాల ప్రయోగశాల అక్కఱలేదని మధ్యప్రదేశమున 1972లో ఆరంభమైన హోషంగాబాదు విజ్ఞానబోధన కార్యక్రమమును, పారవేసిన వస్తువులతో అరవింద్ గుప్తా చేసిచూపిన ఆటబొమ్మలును నిరూపించినవి.

చిత్రలేఖనము దీనికి తోడు కావలయును. ఏలయన అచట ఎవరి సమాధానము వారిదే. వియన్నాలో 1898లో జన్మించి, బౌహౌస్ కళాశాలలో శిక్షణ పొందిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్, 1942 డిసెంబరులో నాజీలచే టెరెజిన్ నిర్బంధస్థలమునకు పంపబడి, అచట తల్లిదండ్రులకు దూరమైన పిల్లలకు దొరికిన చిత్తుకాగితములమీద బొమ్మలు నేర్పెను. లయను అనుసరించి గీతలు గీయించుట, కాగితములను చింపి అతికించి దృశ్యములు కూర్పించుట ఆమె పద్ధతులు. మనుష్యుని సంఖ్యగా మార్చిన ఆ చోట, ప్రతి చిత్రముపైన గీసినవారి పేరు వ్రాయించుట ఆమె పట్టుదల. 1944 అక్టోబరులో ఆమె ఆష్విట్జ్ నందు చంపబడెను. సుమారు 4,500 చిత్రములు రెండు పెట్టెలలో మిగిలినవి. గీసిన పిల్లలలో పెక్కురు మిగులలేదు. అట్లని ఆ పాఠములు వ్యర్థములైనవనువారితో నేను ఏకీభవింపజాలను. బొమ్మ గీసిన ఆ గంటసేపు ఆ శిశువు ఎవరి ఖైదీయు కాదు.

కోసాడ్ వంటి చోట సామగ్రికి కొఱత లేదు. చీరల గుడ్డపేలికలు, జరీ తునకలు, ఖాళీ కండెలు సూరతులో ఎచటనైనను దొరకును. కొఱత కాలమునకే. పరీక్షలు సమీపించినంతనే బొమ్మల గంటను, ప్రయోగముల గంటను లెక్కలకై లాగికొనుట మన దేశపు బడులకు అలవాటైనది. ఆ రెండు గంటలే కొందఱు బిడ్డలను బడికి రప్పించుచున్నవని పెద్దలు గుర్తింపరు. నెలల తరబడి నిద్రపట్టక, అన్నము ముట్టక కృశించు బిడ్డను వైద్యునొద్దకు చేర్చవలసినదే. ఉపాధ్యాయుడు వైద్యుడు కాడు. ప్రతిదినము చెప్పిన వేళకు వచ్చుట, చెప్పిన పని చేయించుట, గీసిన బొమ్మకు మార్కులు వేయక గోడకు తగిలించుట అతని పని. ఇల్లు మారి వచ్చిన బిడ్డకు పంతులు కూడ ఏటేట మారుచుండరాదు గనుక, ఇట్టి వాడల బడులలోనైనను ఒక తరగతికి ఒకే గురువును మూడు నాలుగేండ్లు ఉండనిండని అధికారులను వేడుకొనుచున్నాను.