ఎందుకు ఆపారో అడిగి ఆగాలి

డిస్కులో ఫైలు చెరిపేసినంత మాత్రాన జాగా అంతా తిరిగి చేతికి రాదు. 2009లో లైనక్స్ కెర్నెల్‌లో చేరిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌నే తీసుకోండి. అది డేటాకు మామూలుగా ఒక్కో జీబీ చొప్పున బ్లాక్ గ్రూపులు కేటాయిస్తుంది. ఒక గ్రూపు చాలావరకు ఖాళీ అయితే, మిగిలిన కాస్త డేటాను వేరే గ్రూపుకు తరలించి మొత్తం జాగాను వెనక్కి తీసుకునే పనిని బ్యాక్‌గ్రౌండ్‌లో చేయగలదు. అంటే ఖాళీ చేయడం కూడా రాయడమే. మరి ఈలోగా ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీగా మారితే? ఆగిపోతే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎందుకు మారిందో తెలుసుకుని ఆగాలని నేనంటాను. అడ్మిన్ కావాలనే రీమౌంట్ చేసి ఉండొచ్చు, లోపం బయటపడి ఫైల్ సిస్టమే రాతలు మూసేసి ఉండొచ్చు, అసలు కింద ఉన్న పరికరమే రాతను ఒప్పుకోకపోవచ్చు. లైనక్స్‌లోని మరో ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 ఈ తేడాను చక్కగా పాటిస్తుంది. చెరిపేసినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లు, కరెంటు పోతే డిస్కులో అనాథలుగా మిగులుతాయి. తర్వాత రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా సరే, ఈఎక్స్‌టీ4 ఆ రీడ్-ఓన్లీ గుర్తును కాసేపు తీసి, వాటిని శుభ్రం చేసి, మళ్లీ పెడుతుంది. పరికరమే రీడ్-ఓన్లీ అయితే వాటి జోలికే పోదు. లోపం నమోదై ఉన్నా ఆ పనికి పూనుకోదు.

రాతలను అడ్డుకోవడానికి ఫైల్ సిస్టమ్‌లకు పైన వీఎఫ్‌ఎస్ అనే కెర్నెల్ పొర ఉంది కదా అనేవారున్నారు. అది ప్రోగ్రాముల సిస్టమ్ కాల్స్‌కు కాపలా. ఫైల్ సిస్టమ్ లోపలి కెర్నెల్ థ్రెడ్లు ఆ గుమ్మం గుండా రావు కాబట్టి తమ తనిఖీ తామే చేసుకోవాలి. మొదట్లో ఒకసారి చూస్తే చాలదు, తరలింపు సాగుతుండగానే స్థితి మారిపోవచ్చు. ప్రతి గ్రూపు దగ్గరా చూస్తే వేగం తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు: ఒక ఫ్లాగ్ చూడటం ఎంత, వందల ఎంబీల డేటా కదపడం ఎంత! వాయిదా వేస్తే జాగా నిండిపోతుందన్న అభ్యంతరమూ నిలవదు, ఎవరూ రాయని చోట జాగాకు తొందరేముంది? నన్ను నిజంగా కలవరపెట్టేది మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. జాగా చాలకో మరోలానో తరలింపు కుదరని గ్రూపునే తిరిగి పట్టుకుంటూ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అంతులేని లూప్‌లో చిక్కుకునే లోపాన్ని 2024లో సరిదిద్దారు. రీడ్-ఓన్లీ వైఫల్యాన్ని మామూలు వైఫల్యంగా లెక్కగడితే అదే ఉచ్చు మళ్లీ ఎదురవుతుంది.

ఇలాంటి కోడ్ రాసేవారికి నా విన్నపం ఒక్కటే. అడ్మిన్ ఆపితే ఆ గ్రూపును ఖాళీ చేయాల్సినవాటి జాబితాలోనే ఉంచి, రాతకు మళ్లీ తెరిచాకే పని మొదలెట్టండి. లోపం వల్ల ఆగితే మాత్రం కారణాన్ని కెర్నెల్ లాగ్‌లో చెప్పి, దేన్నీ ముట్టుకోకుండా వదిలేయండి.