పార్వతీశం టోపీ, మా అమ్మ చేతిగడియారం

మన సంఘం విందుల్లో భోజనాలయ్యాక ఒక కాలక్షేపం ఉంది. ఈ దేశంలో దిగిన కొత్తలో ఎవరు ఏ అవకతవక పని చేశారో చెప్పుకోవడం. పగలనుకుని అర్ధరాత్రి పైఅధికారికి ఫోను చేసిన వారొకరు, బస్సెక్కి నిద్రపోయి ఊరి చివర తేలిన వారొకరు, తాళంచెవి లోపల మరిచి తలుపు వేసుకుని మంచులో నిలబడిన వారొకరు. ఇది మన ప్రవాసుల మౌఖిక సాహిత్యం అంటే అతిశయోక్తి కాదు. సాహిత్యమన్నాక విమర్శకి నిలబడాలి. వృత్తిరీత్యా వైద్యుణ్ణే గాని, ఈసారికి ఆ పని నేను నెత్తిన వేసుకుంటున్నాను.

ఈ కథలన్నిటికీ మూలపురుషుడు బారిష్టర్ పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి (1892–1973) నవల మొదటి భాగం 1924 లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడొకడు బారిష్టరు చదువుకని సీమకు బయలుదేరి దారి పొడుగునా పడిన అగచాట్లు అందులో ఉన్నాయి. అతను దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ పెట్టుకు తిరిగిన ఘట్టం తలుచుకుని నవ్వని తెలుగువాడు అరుదు.

ఈ మధ్య ఆ పుస్తకం మళ్ళీ చదివాను. చిన్నప్పుడు పట్టించుకోని సంగతులు రెండు ఈసారి కనబడ్డాయి. మొదటిది, పార్వతీశం తన కథ తనే చెబుతాడు. నవ్వులపాలైనవాడూ, నవ్వించేవాడూ ఒకడే. అందుకే మనం ఎంత నవ్వినా అతను చిన్నబోడు. రెండవది, మనకి టోపీ గుర్తుంది గాని మిగతా కథ గుర్తులేదు. అది మూడు భాగాల నవల. పార్వతీశం ఎడిన్‌బరోలో చదివి, బారిష్టరై, తిరిగివచ్చి స్వాతంత్ర్యోద్యమంలో కూడా దిగుతాడు. టోపీ దగ్గరే పుస్తకం మూసేసినవాడికి అతనొక వెర్రిబాగులవాడు. చివరిదాకా చదివినవాడికి నిలదొక్కుకున్న మనిషి.

అయితే పార్వతీశానికి లేని ఇబ్బంది ఒకటి మనకుంది. అతను వెళ్ళింది ఓడమీద. మనదేశానికీ, ఇంగ్లండుకీ ఉన్న అయిదున్నర గంటల తేడా రోజుకి కొంచెం కొంచెంగా, కొన్ని వారాలపాటు ఒంటికి పట్టింది. కాబట్టి అతని పొరపాట్లన్నీ తెలియనితనంవి. మన పొరపాట్లలో సగం ఒంటివి. కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన, మెదడులో చిన్న కణాల గుంపు ఉంది. శరీరానికి అదే గడియారం. ఇటువంటి గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017 లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ గడియారం ముల్లు మన ఇష్టప్రకారం తిరగదు. రోజుకి ఇంచుమించు గంట, పడమటి దిక్కు ప్రయాణమైతే గంటన్నర సర్దుకుంటుంది. షికాగోకీ మనదేశానికీ వేసవిలో పదిన్నర గంటల తేడా. ఒళ్ళు ఊళ్ళోకి రావడానికి వారం పైనే పడుతుంది. ఆ వారంలో మనిషి చేసే పనిని తెలివితక్కువతనం అనడం వైద్యానికే విరుద్ధం.

ఇంత తెలిసిన నేనే ఏం చేశానో చెబుతాను.

మొన్న వేసవిలో మా అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. మూడోనాటి రాత్రి రెండు గంటలకి తలుపు తీసుకుని వెళ్ళి, పక్క వాటాలో ఉన్న పెద్దావిడ తలుపు తట్టి, తెలుగులో తోడుకి మజ్జిగ అడిగింది. పాపం ఆవిడే చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి అప్పగించింది. ఈ కథ నేను పోయిన విందులో అభినయంతో సహా చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు.

ఇంటికి వెళుతుంటే కారులో అమ్మ అన్నమాట ఒక్కటే: "నాకు ఒళ్ళంతా చెమటలు పట్టి కళ్ళు తిరిగాయని చెప్పలేదేం నాయనా?"

నిజమే, చెప్పలేదు. ఎందుకంటే ఆ ముక్క చెబితే కథ మారిపోతుంది. అమ్మ చేతిగడియారం మన ఊరి కాలానికే ఉంది. దాంట్లో పొద్దున్న ఎనిమిదైంది కదా అని, ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి టిఫిను ముందు వేసుకునే షుగరు మాత్ర వేసుకుంది. నిద్ర ముంచుకొచ్చి ఏమీ తినకుండా పడుకుంది. రెండు గంటలకి షుగరు పడిపోయింది. ఆ రాత్రి పంచదార నీళ్ళు తాగించింది నేనే. మాత్రల వేళలు మార్చి రాసివ్వవలసింది కూడా నేనే. రోజూ ఎంతోమందికి ఆ మాట చెప్పే నోటితో, కన్నతల్లికి చెప్పలేదు. అందరూ నవ్విన ఆ తప్పు అమ్మది కాదు, నాది.

అందుకే నా విమర్శ ఇది. మన కథల్లో హాస్యానికి లోటు లేదు, చెప్పేవాడు తప్పుకోవడమే లోటు. మనం కొత్తలో పడిన పాట్లు మనమే చెప్పుకుంటే అది పార్వతీశం వరస. నిన్న దిగిన అత్తగారి మీద, మొన్న వచ్చిన తమ్ముడి మీద చెబితే అది వేరు. పైగా మనం టోపీ దగ్గరే ఆపేస్తున్నాం. మా అమ్మ పది ఇంగ్లీషు ముక్కలతో, రెండుచోట్ల విమానం మారి, ఆవకాయ జాడీ చెక్కుచెదరకుండా ఒంటరిగా షికాగో చేరింది. ఆ సంగతి నా కథలో ఎక్కడా లేదు.

వచ్చే విందులో ఈ కథ అమ్మే చెబుతానంది. మజ్జిగ ఘట్టం తన నోట ఇంకా బాగుంటుందట. నేను వెనక వరసలో కూర్చుని వింటాను. మీ ఇళ్ళకి పెద్దవాళ్ళు వస్తూంటే మాత్రం, దిగిన రోజునే వారి మాత్రల పెట్టె, చేతిగడియారం పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి.